గాయానికీ చెప్పిన కారణానికీ పొంతన లేకపోతే క్యాజువాలిటీ నర్సు ఏం చేయాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సును. ములుగు వైపు నుంచి రెండున్నరేళ్ల బాబును రాత్రిపూట తీసుకొచ్చారు. తొడ ఎముక విరిగింది. మంచం మీద నుంచి పడ్డాడని తల్లి, మెట్ల మీద జారాడని వెంట వచ్చిన మగమనిషి చెప్పారు. దెబ్బ తగిలి రెండు రోజులైందట. చెవి మీద, వీపు మీద కమిలిన గుర్తులున్నాయి. యాజమాన్యం ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) నమోదు వద్దంది. కట్టు కట్టి, వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకు రాసి పంపేశారు. నా అనుమానం తప్పయితే నా మీదే కేసు పడుతుందా? ఊరుకుంటే నేరమా?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. చూసింది చూసినట్టు చెప్పినందుకు మీకు శిక్ష పడదు. అబద్ధమని తెలిసి కూడా సమాచారం ఇచ్చినప్పుడే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ వర్తిస్తుంది. పరువు నష్టం కేసు వేస్తామని వాళ్లు బెదిరించవచ్చు. విచారించే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదని 356వ సెక్షన్ మినహాయింపుల్లోనే ఉంది. రోగి రహస్యం బయటపెట్టకూడదన్న వాదనా ఇక్కడ నిలవదు. ఒక వ్యక్తికి తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు చెప్పవచ్చని వైద్యుల 2002 నాటి ప్రవర్తనా నియమావళే అంటోంది.

ఊరుకుంటే నేరమా అన్నదానికి జవాబు గాయాన్ని బట్టి మారుతుంది. లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద ప్రతి ఒక్కరికీ తప్పనిసరి. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యులకైతే ఏడాది దాకా జైలు పడవచ్చు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో హాస్టల్ బాలికలకు వైద్యం చేసిన ఒక డాక్టరు మీద, దాడి సంగతి తెలిసీ చెప్పలేదన్న ఆరోపణపై కేసు నమోదైంది. హైకోర్టు దాన్ని కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

కొట్టిన గాయాలు, కాల్చిన గాయాల విషయంలో చెప్పని ఆసుపత్రికి ఇంత శిక్ష అని అంత సూటిగా రాసిన సెక్షన్ లేదు. మీ యాజమాన్యం ధీమా బహుశా ఇదే. నా దృష్టిలో ఇది చట్టంలో పెద్ద లోటు. బిడ్డ ఒళ్లు హూనమైనా, అది లైంగిక దాడి కాకపోతే ఆసుపత్రి తప్పించుకునే సందు మిగిలింది. అయినా మీ చేతులు కట్టేసి లేవు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 31వ సెక్షన్, రక్షణ అవసరమైన బిడ్డ సంగతిని బాలల సంక్షేమ సమితి (పిల్లల రక్షణ వ్యవహారాలు తేల్చే జిల్లా స్థాయి సంస్థ) ముందుకు తేగలిగినవారిలో డాక్టరుతో పాటు నర్సునూ పేర్కొంది. కాబట్టి మీరు యాజమాన్యం అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నాడో వాళ్లే కొట్టినా, కావాలని నిర్లక్ష్యం చేసినా, అదే చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీ అనుమానం గాలిది కాదు. చికిత్సకు రెండు రోజుల ఆలస్యం, ఒకే గాయానికి రెండు కథలు, చెవి మీద కమిలిన గుర్తు: పిల్లల వైద్యులు ఆగి ఆలోచించే లక్షణాలే ఇవన్నీ. ఆడుకునే పిల్లలకు దెబ్బలు మోకాళ్లకు, నుదుటికి తగులుతాయి. నాలుగేళ్లలోపు పిల్లలకు చెవి, మెడ, మొండెం మీద కమిలితే కారణం అడగాల్సిందే. ఇంకా నడక రాని పసికందుకైతే ఎక్కడ కమిలినా అడగాలి. అలాగని ప్రతి మచ్చా దెబ్బ కాదు. పుట్టుకతో నడుము కింద ఉండే నీలి మచ్చలు, రక్తం గడ్డకట్టని జబ్బులు, పెళుసు ఎముకల జబ్బు కూడా అలాగే కనిపిస్తాయి. మన పల్లెల్లో పచ్చకామెర్లకని, ఫిట్స్‌కని పెట్టే వాతలు ఇంకో చిక్కు. అక్కడ కక్ష ఉండదు, కానీ ఆ బిడ్డ కాలిందీ నిజమే. దాన్ని కూడా రికార్డులో రాయాల్సిందే. నేరమా, అజ్ఞానమా అన్నది సమితి, పోలీసులు తేలుస్తారు.

ఎంఎల్‌సీ నమోదుకు బంధువుల ఒప్పుకోలు అక్కర్లేదు. అది క్యాజువాలిటీ డాక్టరు బాధ్యత. చికిత్స దానికోసం ఆగకూడదని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఎంజీఎంకు పంపినంత మాత్రాన మీ ఆసుపత్రి బాధ్యత తీరదు. మొదట చూసిన కళ్లు మీవి. కేస్ షీటులో ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకు, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. గాయం ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు అన్నదీ రాయండి. రంగు చూసి ఇది ఎన్ని రోజుల దెబ్బ అని మాత్రం రాయవద్దు, అది నమ్మదగిన లెక్క కాదు, కోర్టులో ఎదుటి లాయరు దాన్నే పట్టుకుంటాడు. 'కొట్టారు' అని తీర్పు చెప్పే బదులు 'చెప్పిన కారణానికి గాయం పొసగడం లేదు' అంటే చాలు. ఫొటో తీస్తే రికార్డు కోసమే తీయాలి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెడితే, బిడ్డ గుర్తింపు బయటపెట్టకూడదనే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ మీ మీదికే వస్తుంది. బిడ్డను పదే పదే ప్రశ్నించకండి. తల్లిని నిలదీయకండి, ఆమె కూడా దెబ్బలు తింటూ ఉండవచ్చు. ఆమె ఒంటరిగా దొరికినప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం గురించి చెప్పండి.

పోలీసులకు సమాచారం రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు స్టేషన్ ముద్రతో నకలు తీసుకోండి. 'ఊరు ములుగు జిల్లాది, మాకు సంబంధం లేదు' అంటే ఒప్పుకోవద్దు. నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలని, క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. స్టేషన్‌లో తీసుకోకపోతే కమిషనర్‌కు పోస్టులో పంపవచ్చు.

వాళ్లు ఎంజీఎంకు వెళ్లారో, నేరుగా ఇంటికి వెళ్లారో మీరు రాయలేదు. ఈ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసి రికార్డులోని చిరునామా ఇవ్వండి. రోజులు గడిచినంత మాత్రాన ఆ సమాచారం చెల్లకుండా పోదు.