డిజాక్సిన్ మొక్క నుంచి వచ్చిందే కదా, ఆ ఆకు కషాయం ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. గుండె లయ తప్పిందని డాక్టర్ గారు డిజాక్సిన్ మాత్ర రాసి, వారానికి ఐదు రోజులే వేసుకోమన్నారు. ఈ మందు ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క నుంచి వచ్చిందనీ, పూర్వం మందుల షాపుల్లో దాని ఆకునే అమ్మేవారనీ చదివాం. ఆన్‌లైన్‌లో ఎండుటాకు తెప్పించి, మాత్ర లేని రెండు రోజులూ కషాయం కాచి ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. మీరు చదివిన చరిత్ర నిజమే గానీ, ఆకును చివరికి ఎందుకు వదిలేశారో కూడా అందులోనే ఉంది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన విలియం వితరింగ్ అనే వైద్యుడు, ఒళ్లు నీరుపట్టిన వారికి ఒక వృద్ధురాలు ఇచ్చే ఇరవైకి పైగా మూలికల మందులో అసలు పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లోవేనని గుర్తించి, దాదాపు పదేళ్లు రోగులకు వాడి చూసి 1785లో పుస్తకం వెలువరించారు. మొక్క పూతకు వచ్చే వేళ ఆకు కోసి, తొడిమనూ నడి ఈనెనూ తీసేసి, ఎండలోనో నిప్పు సెగకో ఆరబెట్టి పొడి చేయాలని ఆయన రాశారు. ఇంత పట్టింపు ఎందుకంటే, కోసిన కాలాన్ని బట్టి ఆకు బలం మారిపోతుంది. తర్వాత షాపుల్లో పొడి, టింక్చర్ (ఆల్కహాల్‌లో తీసిన సారం) సీసాల్లోకి ఎక్కినా చిక్కు తీరలేదు. ఒకే చీటీ అంటించిన రెండు సీసాల్లో ఒకటి పనిచేయకపోవచ్చు, మరొకటి ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే 20వ శతాబ్దం తొలి సగంలో సరుకు బలాన్ని కప్పల మీద, పిల్లుల మీద, పావురాల మీద పరీక్షించి తేల్చేవారు. 1930లో రసాయన శాస్త్రవేత్త సిడ్నీ స్మిత్ మరో జాతి ఫాక్స్‌గ్లోవ్ ఆకు నుంచి డిజాక్సిన్‌ను వేరు చేశాకే, మిల్లీగ్రాములో నాలుగో వంతు మందును కచ్చితంగా కొలిచి ఇచ్చే వీలు కలిగింది.

ఇక ఆ రెండు రోజుల సంగతి. డిజాక్సిన్ ఒంట్లోంచి సగం పోవడానికే ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది, మూత్రపిండాలు నెమ్మదించిన పెద్దవారిలో ఇంకా ఆలస్యమవుతుంది. పేరుకుపోకూడదనే ఆ విరామం. అది మందు లేని లోటు కాదు. పైగా మామూలు ఫాక్స్‌గ్లోవ్ ఆకులో ప్రధానంగా ఉండేది డిజాక్సిన్ లాంటిదే అయిన డిజిటాక్సిన్, అది సగం తగ్గడానికి దాదాపు వారం పడుతుంది.

ఆకు మాట అలా ఉంచి, మీ ఇంట్లో దగ్గుకు అతిమధురం వాడే అలవాటుంటే నాన్నగారికి మాత్రం ఆపండి. అది రక్తంలో పొటాషియంను తగ్గిస్తుంది. పొటాషియం తగ్గితే మామూలు మోతాదు డిజాక్సిన్ కూడా విషమవుతుంది. నీరు పోయే మాత్రలు వాడుతున్నా ఇదే జాగ్రత్త అవసరం. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, చూపు పసుపుపచ్చగా మారడం, నాడి మరీ నెమ్మదించడం వంటివి కనిపిస్తే, తర్వాతి మాత్ర వేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), డిజాక్సిన్ స్థాయి పరీక్షలు చేయించండి.