స్పెషల్ ఇష్యూ వద్దమ్మా

అరండల్‌పేట,
గుంటూరు.

అమ్మాయ్,

మీ కాలేజీ పత్రిక రెండు సంచికలూ అందాయి. కవరు మీద నా పేరుకు రెండు 'గారు'లు తగిలించావు, ఒకటి తిరిగి పంపుతున్నా. "వచ్చే నెల డైవర్సిటీ మీద స్పెషల్ ఇష్యూ వేస్తున్నాం బాబాయ్ గారూ, ఒక వ్యాసం కావాలి" అని రాశావు. వ్యాసం ఇవ్వను. అసలు ఆ ఇష్యూయే వద్దంటాను. అలగకుండా చదువు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోతే పని లేక, మీ పాత సంచిక ముందేసుకుని పేర్ల కింద పెన్సిల్‌తో గీతలు గీశాను. ఎవరి గురించి రాశారని కాదు, ఎవరి నోటి మాట వేశారని. 38 పేర్లు తేలాయి. ప్రిన్సిపాల్ గారు 7 చోట్ల ఉన్నారు. ఆడపిల్లలు 9 మంది, అందులో ఆరుగురు ముగ్గుల పోటీ పేజీలోనే. సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు గానీ, తెలుగు మీడియం నుంచి వచ్చి ఫస్టియర్లో నోరు విప్పడానికి జంకేవాళ్లు గానీ ఒక్కరూ లేరు.

అందులోనే 2024 సెప్టెంబరు వరదల ఫొటో ఉంది. బుడమేరు వాగు పొంగి మీ విజయవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానితే మీవాళ్లు వెళ్లి పులిహోర పొట్లాలు పంచారు. మంచి పనే. కానీ ఫొటోలో పంచేవాళ్లకు ముఖాలున్నాయి, అందుకునేవాళ్లకు చేతులే ఉన్నాయి. సింగ్‌నగర్ నుంచీ పాయకాపురం నుంచీ మీ కాలేజీకి వచ్చేవాళ్లు లేరా? వాళ్ల పుస్తకాలేమయ్యాయి, తడిసిన టెన్త్ సర్టిఫికెట్‌కు డూప్లికేట్ తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు తిరిగారు? వార్త మీ పక్క బెంచీలో కూర్చుని ఉంటే మీరు దాన్ని వెతుక్కుంటూ పడవెక్కారు.

నీకు ఇలా చెప్పేంత గొప్పవాణ్ణేం కాదు. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో 8 మంది దళితుల్ని చంపినప్పుడు నేను ఇక్కడే డిగ్రీ చదువుతున్నా. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి అంతదాకా వెళ్లింది. మా హాస్టల్ గోడపత్రికకు నేనే ఎడిటర్ని. ఆ వారం ఫ్రెషర్స్ డే మీద ఒక కవిత, మెస్ సాంబారు మీద ఒక జోకు వేశాను. నా పక్క గదిలో తెనాలి వైపు నుంచి వచ్చిన దళిత కుర్రాడు ఉండేవాడు. నాలుగు రోజులు మెస్సుకు రాలేదు. అడగాలని తట్టలేదంటే అబద్ధం. తట్టింది, జంకాను. డిగ్రీ అయ్యేదాకా మేమిద్దరం క్రికెట్ స్కోర్లే మాట్లాడుకున్నాం.

పేపర్లో ఉద్యోగానికి చేరాక, 1996లో, బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు పయనీర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దళిత జర్నలిస్టు ఒకరితో మాట్లాడాలని ఒక విదేశీ విలేకరి అడిగితే, ఢిల్లీలో ఎంత వెతికినా ఒక్కరూ దొరకలేదట. అది చదివి తలెత్తి మా డెస్కు చుట్టూ చూశాను. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు అనిపించింది.

స్పెషల్ ఇష్యూ వేస్తే ఏమవుతుందో చెప్పనా? చూపు లేని అబ్బాయి మీద ఒక స్ఫూర్తి కథ. యానాదుల ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి మీద 'మట్టిలో మాణిక్యం' అని హెడ్డింగు. (ఆ పిల్ల ఇంటిని మట్టి అన్నామని మనకు తోచదు.) పై నెల మళ్లీ ప్రిన్సిపాల్ గారు 7 చోట్ల.

ఆ అబ్బాయి ధైర్యం గురించి కాకుండా అతని పరీక్ష గురించి అడుగు. అతను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబును ఎవరు వెతికి పెడుతున్నారు? గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలున్నాయి, మీ కాలేజీలో ఇస్తున్నారా? అది వార్త. పోయిన నెల మీరు మిర్చి ధర మీద రాసింది కూడా చూడు. రైతునూ కమీషన్ వ్యాపారినీ అడిగారు, బాగుంది. మిర్చి టిక్కీల (బస్తాల) పక్కన కూర్చుని రోజంతా తొడిమలు తీసే ఆడవాళ్లను మాత్రం ఫొటోకే వాడుకున్నారు. చేతులు మండుతుంటే ఇంటికెళ్లి చంటిపిల్లను ఎత్తుకోవడానికి వెనకాడే మనిషి దగ్గర మిర్చి గురించి ఒక్క మాటైనా ఉండదా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిందని రాసేటప్పుడూ అంతే. అకౌంట్స్ సెక్షన్‌తో సరిపెట్టకుండా, హాల్ టికెట్ కోసం ఆ కిటికీ ముందు నిలబడ్డవాళ్లను అడుగు.

ఒక జాగ్రత్త చెప్పాలి. క్లాసులో ఒక్క ముస్లిం అమ్మాయి ఉందని ప్రతిదానికీ "మీవాళ్లేమనుకుంటున్నారు" అని ఆమె మీద పడకండి. హాస్టల్ మెనూ గురించో ల్యాబ్ టైమింగ్స్ గురించో కూడా అడగండి. పేరు వేయొద్దంటే వేయకండి. పేరొక్కటి తీసేస్తే చాలదు, ఊరూ బ్రాంచీ కలిపితే కాలేజీలో ఎవరైనా పోల్చుకుంటారు. అచ్చయ్యే ముందు ఎవరి మాటలు వాళ్లకు చదివి వినిపించు. కులం పేరు వార్తకు అవసరమైతేనే రాయి. అవసరమైన చోట మాత్రం 'ఒక వర్గం' అని నసగకు, మేమంతా అదే చేశాం.

ఇంకోటి. మీ మీటింగులు సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ దగ్గర కాఫీ షాపులో పెడుతున్నారని మీ నాన్న చెప్పాడు. ఐదున్నర బస్సు తప్పితే ఇంటికి చేరలేని పిల్ల మీ బోర్డులోకి ఎలా వస్తుంది? ఆ కాఫీ ధరకు ఇద్దరు భోంచేయొచ్చు. లంచ్ టైములో ఖాళీ క్లాస్‌రూములో పెట్టు. కొత్తవాళ్లు వస్తే ప్రూఫులు దిద్దే పని అంటగట్టకు, ఏ వార్త మొదటి పేజీలో వెళ్లాలో వాళ్లనీ చెప్పనివ్వు.

వచ్చే సంచిక డమ్మీ (అచ్చుకు ముందు నమూనా) సిద్ధమయ్యాక పంపు. పెన్సిల్ చెక్కి ఉంచుతా.

ఆశీస్సులతో,
మీ బాబాయ్

తా.క.: 11వ పేజీ కార్టూన్లో హిజ్రాల మీద జోకు ఉంది. గీసినవాణ్ణి అందరి ముందూ తిట్టకు. బస్టాండ్ దగ్గర టీ కొట్టుకు ఇద్దరూ వెళ్లి, అక్కడికొచ్చే ట్రాన్స్‌జెండర్ మనిషితో ఒక అరగంట కూర్చుని, వాళ్లను ఏమని పిలిస్తే బాగుంటుందో ఆమెనే అడిగి రండి. టీ డబ్బులు మీవి.