సర్వర్‌లో కొత్త నెట్‌వర్క్ కార్డు పనిచేయకపోతే డ్రైవర్ వెతికే ముందు కెర్నెల్ చూడండి

అన్నా, మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి తూకాలు, బిల్లింగ్ నడిపే సర్వర్. ఉరుముల వానకు మదర్‌బోర్డు మీది నెట్‌వర్క్ పోర్టు పోయింది. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి రియల్‌టెక్ 2.5 గిగాబిట్ కార్డు తెప్పించి పెట్టారు. ఉబుంటు సర్వర్ 20.04 (ఒక రకం లినక్స్)లో అది రావడం లేదు. కార్డుతో ఇచ్చిన సీడీలోని డ్రైవర్ ఎక్కిద్దామంటే సోర్స్ కోడ్ నుంచి డ్రైవర్‌ను తయారుచేసే (కంపైల్ చేసే) ‘మేక్’ కమాండే లేదంటోంది, దాన్ని దించుకోవడానికి ఇంటర్నెట్ లేదు. తోతాపురి సీజన్ దగ్గరపడింది.

ఆ సీడీని పక్కన పెట్టేయండి. తిరుపతిలో లాడ్జీలకు, డయాగ్నస్టిక్ ల్యాబులకు సర్వర్లు చూసుకోవడమే నా పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. విండోస్ అలవాటు వల్ల కార్డు పెట్టగానే డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాం. లినక్స్‌లో మామూలు ఈథర్‌నెట్ కార్డులన్నింటికీ డ్రైవర్ కెర్నెల్‌తోనే (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగంతోనే) వస్తుంది. కార్డు రావడం లేదంటే చాలాసార్లు దానర్థం ఒకటే: ఆ చిప్ కంటే మీ కెర్నెల్ పాతది.

ముందు చిప్ ఏదో ఖాయం చేసుకోండి. అట్టపెట్టె మీద రాసింది నమ్మకండి. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ని ఎన్, ఎన్, కె ఆప్షన్లతో నడపండి. ఈథర్‌నెట్ అన్న వరుస చివర బ్రాకెట్లలో అంకెల గుంపులు రెండు ఉంటాయి. మొదటిది కంపెనీ, రెండోది చిప్. ఇంటెల్ అయితే 8086, రియల్‌టెక్ అయితే 10ఈసీ. మీది 10ఈసీ:8125 అని చూపించాలి. అసలు ఆ వరుసే లేకపోతే సమస్య డ్రైవర్‌ది కాదు, కార్డు స్లాట్‌లో సరిగా కూర్చోలేదన్నమాట. కరెంటు తీసి, కార్డు బయటికి తీసి మళ్లీ నొక్కి పెట్టండి.

వరుస కనబడితే దాని కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైన్ ఉందా చూడండి. ‘కెర్నెల్ మాడ్యూల్స్: ఆర్8169’ అని మాత్రం ఉండి (మాడ్యూల్ అంటే కెర్నెల్‌కు తగిలించే డ్రైవర్ ఫైల్, ఆర్8169 రియల్‌టెక్ కార్డులది), ఈ లైన్ లేకపోతే డ్రైవర్ ఉన్నా అది ఆ చిప్‌ను గుర్తుపట్టలేదు. కెర్నెల్ రాసుకునే సందేశాలను చూపించే ‘డీమెసేజ్’లో (డి, ఎమ్, ఇ, ఎస్, జి అని కొట్టాలి) ఆర్8169 కోసం వెతికితే ‘అన్‌నోన్ చిప్ ఎక్స్‌ఐడీ’ అనే మాట దొరుకుతుంది. మీది ఇదేనని నా అనుమానం. ఎందుకంటే 8125 చిప్‌లో ఎ, బి అని రకాలున్నాయి. మొదటి రకానికి సపోర్టు కెర్నెల్ 5.4లో వచ్చింది, బి రకానికి 5.9లో వచ్చింది. ఉబుంటు 20.04తో వచ్చే కెర్నెల్ 5.4. ఇప్పుడు మార్కెట్లో దొరికే కార్డుల్లో బి రకమే ఎక్కువ.

కాబట్టి మీకు కావలసింది డ్రైవర్ కాదు, కొత్త కెర్నెల్. 20.04కే, కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ అనే కెర్నెల్ ఉంది, అది 5.15. ఇంటర్నెట్‌కు మీ ఫోన్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ‘ఐపీ లింక్’ కొడితే కొత్త పేరు ఒకటి కనబడుతుంది, యూఎస్‌బీ0 అనో, ఈఎన్‌ఎక్స్‌తో మొదలయ్యే పొడవాటి పేరో. ‘సూడో డీహెచ్‌క్లయింట్’ పక్కన ఆ పేరు ఇస్తే ఫోన్ నుంచి ఐపీ వస్తుంది. తర్వాత ఆప్ట్ అప్‌డేట్ చేసి, లినక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-20.04 ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయండి. కార్డు దానంతట అదే లేస్తుంది. మామూలు సపోర్టు 2025లోనే ముగిసింది కాబట్టి, సీజన్ అయ్యాక 20.04 నుంచి పైకి వెళ్లడం కూడా పెట్టుకోండి.

సీడీ డ్రైవర్ మీద ఇంత పట్టుదలగా ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో బ్రహ్మోత్సవాలప్పుడు పొద్దున్నే బిల్లింగ్ మొత్తం ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే సర్వర్ ఆన్‌లోనే ఉంది, నెట్‌వర్క్ లేదు. అంతకుముందు చూసుకున్నవాళ్లు కార్డు కంపెనీ డ్రైవర్‌ను చేత్తో కంపైల్ చేసి వెళ్లారు. అలా చేసిన మాడ్యూల్ ఆ ఒక్క కెర్నెల్ వెర్షన్‌కే పనికొస్తుంది. ఉబుంటు సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే దిగుతుంటాయి, వాటిలో కొత్త కెర్నెల్ కూడా వస్తుంది. కానీ సర్వర్‌ను రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తుంది, కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. ఆ రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అయిపోయింది, మళ్లీ లేచినప్పుడు కొత్త కెర్నెల్‌తో లేచింది. దానికి ఆ మాడ్యూల్ లేదు. కౌంటర్ దగ్గర పిల్లాపాపలతో జనం నిలబడి ఉంటే, సర్వర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని అప్పటికి గట్టెక్కించాను. మీ గేటు దగ్గర కాయల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఆ టెన్షన్ మీకు రాకూడదు.

ఎప్పుడైనా బయటి డ్రైవర్ తప్పదంటే డీకేఎంఎస్ అనే టూల్ ద్వారానే పెట్టించండి. కెర్నెల్ మారినప్పుడల్లా అది మాడ్యూల్‌ను మళ్లీ తయారు చేస్తుంది. అయితే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే బయాస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ ఎక్కించుకోదు. డీకేఎంఎస్ ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, తర్వాతి రీబూట్‌లో నీలం తెర మీద దాన్ని ఇవ్వాలి. అంటే మానిటర్, కీబోర్డు పెట్టుకుని మనిషి సర్వర్ ముందు ఉండాలి. హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్‌తో ఈ బాధ లేదు, దానికి ఉబుంటు సంతకం ముందే ఉంటుంది.

కార్డు లేచినా ఐపీ రాకపోవచ్చు. కంగారు పడకండి. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో చచ్చిపోయిన పోర్టు పేరే ఉంటుంది, బహుశా ఈఎన్‌ఓ1. కొత్త కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 లాంటిది. ఆ అంకె స్లాట్‌ను బట్టి వస్తుంది, రేపు ఇంకో కార్డు పెట్టినా తీసినా మారవచ్చు. అందుకే ముందు బయాస్‌లో పాత పోర్టును డిసేబుల్ చేసి, తర్వాత ఫైల్‌లో ‘మ్యాచ్’ కింద కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డుకే ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి కట్టేయండి. పాత పోర్టు వరుసలు తీసేయడం మరవకండి. అవి ఉంటే లేని పోర్టు కోసం బూట్ సమయంలో రెండు నిమిషాలు ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఫైల్‌లో ట్యాబ్ వాడకూడదు, స్పేస్‌లే. మార్చాక ‘నెట్‌ప్లాన్ ట్రై’ కొట్టండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్‌కు అదే వెనక్కి వెళ్తుంది. నేను ఎక్కడా నేరుగా ‘అప్లై’ కొట్టను.

చివరగా ‘ఈథ్‌టూల్’ పక్కన కార్డు పేరు ఇచ్చి స్పీడ్ చూడండి. మీ స్విచ్ గిగాబిట్‌దైతే 1000 రావాలి. 100 అని ఉంటే డ్రైవర్‌ను తిట్టకండి, కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. క్రింపింగ్‌లో (కేబుల్ చివర ప్లగ్ బిగించడంలో) ఒక్క తీగ వదులైనా చాలు, స్పీడ్ 100కు పడిపోవచ్చు.

ఇంకో కార్డు కొనే అవకాశం ఉంటే ఇంటెల్ ఐ210 చిప్ ఉన్నది చూడండి. వేబ్రిడ్జికి, బిల్లింగ్‌కు ఒక గిగాబిట్ చాలా ఎక్కువ. దాని డ్రైవర్ ఐజీబీ మీ పాత కెర్నెల్‌లో కూడా ఉంటుంది.

అసలు పోర్టు ఎందుకు పోయిందో కూడా ఆలోచించండి. గేటు దగ్గరి వేబ్రిడ్జి గది నుంచి ఆఫీసుకు ఆరుబయట రాగి కేబుల్ లాగి ఉంటే, పిడుగు దగ్గర్లో పడినా ఆ దెబ్బ తీగ వెంట వచ్చి పోర్టును కాల్చేస్తుంది. మన దగ్గర మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అదే కేబుల్‌కు కొత్త కార్డు తగిలిస్తే అది కూడా పోతుంది. ఆ దూరానికి ఫైబర్ వేయించి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు కలిపే చిన్న పెట్టెలు) పెట్టించండి. గాజు తీగలో కరెంటు పారదు. పైగా రాగికి ఉన్న 100 మీటర్ల హద్దు కూడా ఉండదు. ఫైబర్ పడేదాకా సర్వర్‌ను నేరుగా ఆ కేబుల్‌కు కలపకుండా, మధ్యలో ఒక చిన్న స్విచ్ పెట్టండి, ఉరుములు మొదలైతే స్విచ్ నుంచి ఆ కేబుల్ పీకేయమని గుమాస్తాకు చెప్పండి.