రిజిస్టరు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు

కర్నూలు,
ఫిబ్రవరి 2022

అమ్మీ,

మీ అమ్మ నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది. రాజంపేటలో ఉద్యోగం మానేసి, పులపత్తూరు పక్కన పెద్దవాళ్లకు ఇంగ్లీషు క్లాసులు మళ్లీ మొదలుపెడతానంటున్నావట. "నీ మాటైతే వింటుంది, నువ్వన్నా చెప్పక్కా" అని ఒకటే పోరు. నేనేం చెప్పను? ఫోన్ పెట్టేసి మీ పెదనాయనతో "మన పిల్లను చూశారా" అని ఒకటికి రెండుసార్లు అన్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు, టీవీ ముందు కూర్చున్న నాకు మా 2009 అక్టోబరే కళ్లముందు తిరిగింది. మాకు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే వచ్చి పాతబస్తీని ముంచాయి. నీళ్లు తీశాక మాకు బురద మిగిలింది, మీకు ఇసుక మిగిలింది. బురదైతే కడుక్కున్నాం. పొలంలో మేటలేసిన ఇసుకను రైతు ఏం చేసుకుంటాడు? సేద్యం పోయిన ఇంట్లో అందరి చూపూ కువైట్ మీదే ఉంటుంది. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది అందుకే వస్తారు. తప్పుపట్టకు.

గది ఎత్తు మీద ఉండేట్టు చూసుకో. రాత్రి వంటలయ్యాక గంటసేపు చాలు. పుస్తకాల కోసం ఎవరినీ అడుక్కోవద్దు, వాళ్ల కాగితాలే పాఠాలు. మొదటి వారమంతా ఎవరి పేరు వాళ్లు క్యాపిటల్ అక్షరాల్లో, గడికో అక్షరం చొప్పున రాయడమే నేర్పు. నవ్వకు. ఆధార్‌లో రెండు బీలు, పాస్‌పోర్టులో ఒకటే బీ ఉన్న సుబ్బమ్మ ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో నాకు తెలుసు. తర్వాత తడిసి పాడైన పాస్‌పోర్టు రీఇష్యూ ఫారం నింపించు. ఆ తర్వాత బ్యాంకు మెసేజీలు, మందుచీటీలు. ఎవరి పదో తరగతి సర్టిఫికెట్ నీళ్లలో పోయిందో ముందే అడిగి, డూప్లికేటుకు అర్జీ పెట్టించు. అది ఉంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడదు. పడిందంటే కువైట్ పోవడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికోసం బయటి దేశం పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే ఆడమనిషికైతే 30 ఏళ్లు నిండాలి.

ఇంక అసలు సంగతికి వస్తా.

వరదకు ముందు మా పాతబస్తీ క్లాసు బాగా నడిచేది. దర్జీ పని చేసుకునే ఆడవాళ్లు, హోటల్లో సర్వర్లు, మందుల షాపు కుర్రాళ్లు వచ్చేవాళ్లు. నీళ్లు పోయాక ఒక మిద్దె మీద మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడే ఎవరో బయటి ఊరి సంస్థ వాళ్లు లారీతో దిగారు. బియ్యం, కందిపప్పు, దుప్పట్లు, బకెట్లు తెచ్చారు. మంచివాళ్లే, కాదనను. ఎవరికి ఇవ్వాలో వాళ్లకు తెలియదు. "మీ దగ్గర పేర్లు రాసిపెట్టి ఉన్నాయి కదా" అని మా అటెండెన్స్ రిజిస్టరు అడిగారు. క్లాసు బాధ్యత చూసే పెద్దాయన ఇచ్చేశాడు. నలుగురికి మేలు జరుగుతుందనే ఇచ్చాడు పాపం. నేను వద్దన్నాను. "నీదంతా అనుమానమే" అన్నాడు.

మరుసటి సాయంత్రం మిద్దె పట్టనంత జనం. పేరు రాయించుకుంటారు, బోర్డు వైపు చూడరు, మెట్ల దగ్గర లారీ శబ్దం కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు. పేరు లేనివాళ్లు కింద వీధిలో మమ్మల్ని తిట్టిపోశారు. సామాను అయిపోగానే వాళ్లు రావడం మానేశారు. అదైనా సరే అనుకోవచ్చు. పాత వాళ్లు కూడా మానేశారమ్మీ! బుర్ఖాలు కుట్టే ఒకామె ఉండేది, ఒక్క పూట కూడా తప్పేది కాదు. ఇంటికి వెళ్లి చూస్తే, గడప దగ్గర కుట్టుమిషను పడుకోబెట్టి, అల్లికసూదితో దాని చక్రం సందుల్లోని ఎండిన బురద గీకుతోంది. తలెత్తకుండానే చెప్పింది: "నేను దుప్పటి కూడా తీసుకోలేదు మేడమ్. అయినా క్లాసుకొస్తే బియ్యానికొచ్చినట్టే చూస్తా ఉన్నారు." ఆమె మళ్లీ రాలేదు. ఆ పెద్దాయన మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కాబట్టి దుప్పట్లు తెచ్చేవాళ్లొస్తే పంచాయతీ ఆఫీసు చూపించు. క్లాసు గడప లోపల ఒక్క బిస్కెట్ ప్యాకెట్ కూడా పంచనియ్యకు. రిజిస్టరులో పేరు మాత్రమే రాయి. ఫోన్ నంబరు, ఆధార్ నంబరు వద్దు. ఎందుకంటే దుప్పట్ల వాళ్ల వెనకే ఇంకొకడొస్తాడు. తెల్లచొక్కా వేసుకుని "మేడమ్, మీ స్టూడెంట్లకు కువైట్‌లో మంచి ఇళ్లున్నాయి" అంటాడు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లను ఇంటిపనికి పంపే అనుమతి ప్రభుత్వ ఏజెన్సీలకే ఉంది, ప్రైవేటు ఏజెంటుకు లేదు. విజిట్ వీసా మీద పోయి పని చేసుకోవచ్చని చెప్పేవాడు పచ్చి దొంగ. ఈ రెండు ముక్కలూ బోర్డు మీద రాయించి, అందరిచేతా చదివించు. మన వీధి పిల్ల ఒకతి అలా పోయి, రెండేళ్లు ఇంటికి ఫోన్ చేసే దిక్కు లేక నలిగిపోయింది. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి కూర్చునేది. నా భయం నాది, విను.

ఏటి పక్క రోడ్డు మీద చీకట్లో స్కూటీ నడపకు. ఇసుకలో చక్రం జారుతుంది. క్లాసయ్యాక ఎవరింట్లోనైనా పడుకో, సిగ్గుపడకు. అన్నం వేళకు తిను. నువ్వు తినవని నాకు తెలుసు, మీ అమ్మ కూడా అదే ఏడ్చింది.

బోర్డుకు వేసే నల్లరంగు డబ్బా, రెండు పెట్టెల సుద్దముక్కలు శుక్రవారం తిరుపతి బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపుతున్నా. రాజంపేట బస్టాండులో ఎదురుచూడు. డబ్బా మూత వదులు, నిలబెట్టి పట్టుకో.

మీ పెద్దమ్మ