ఎక్స్‌రేలో ఏమీ లేదంటే.. పొగ ఏమీ చేయనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా రోజుకు పాతిక బీడీల దాకా కాల్చేవారు. ఏడాదిగా ఫిల్టర్ సిగరెట్లకు మారి, రోజుకు ఐదుతో సరిపెడుతున్నారు. ఈమధ్య ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇక భయం లేదంటున్నారాయన. పొగతో క్యాన్సర్ అసలెలా వస్తుంది? ఇప్పుడు మానేసినా లాభముంటుందా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: లాభం తప్పకుండా ఉంటుంది. ఎక్స్‌రేను మాత్రం అంతగా నమ్ముకోవద్దు. సెంటీమీటరులోపు గడ్డలు అందులో తరచూ కనిపించవు. గుండె వెనకో, కాలర్ ఎముక చాటునో ఉంటే ఇంకాస్త పెద్దవి కూడా తప్పించుకుంటాయి. పైగా గడ్డ కట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే జన్యువుల్లో నష్టం మొదలవుతుంది.

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే, వాటిలో 70 వరకు క్యాన్సర్ కారకాలు. ఆకు కాలినప్పుడు పుట్టే బెంజోపైరీన్ వాటిలో ఒకటి. విచిత్రమేమిటంటే, దాన్ని ఒంట్లోంచి వెళ్లగొట్టడానికి మన ఎంజైములు చేసే ప్రయత్నంలోనే అది డీఎన్‌ఏకు అతుక్కునే రూపంలోకి మారుతుంది. డీఎన్‌ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానైన్‌ (‘జి’)కు అంటుకుంటుంది. కణం విభజన చెందేటప్పుడు అక్కడ ‘జి’ బదులు మరో అక్షరం ‘టి’ చేరుతుంది. ఇలాంటి తప్పుల్లో చాలావాటిని కణమే సరిదిద్దుకుంటుంది. దారితప్పిన కణాన్ని ఆపే టీపీ53 జన్యువులోనో, పెరగమని పురమాయించే కేరాస్ జన్యువులోనో మిగిలిపోతేనే చిక్కు. రోజుకో ప్యాకెట్ కాల్చేవారి ఊపిరితిత్తుల్లో ఒక్కో కణంలో ఏడాదికి సుమారు 150 మార్పులు పోగవుతాయని 2016లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

అందుకే రోజుకు ఎన్ని అన్నదానికన్నా ఎన్నేళ్లు అన్నదే ముప్పును ఎక్కువగా పెంచుతుంది. ఐదుకు తగ్గించినవారు ఒక్కోదాన్నీ చివరిదాకా, గట్టిగా పీలుస్తారు. నికోటిన్ కోసం ఒళ్లు అలా అడుగుతుంది మరి. ఫిల్టర్ కూడా పెద్దగా కాపాడదు. లోతుగా లాగిన పొగ ఊపిరితిత్తుల అంచుల దాకా వెళ్తుంది.

పూర్తిగా మానేసిన పదేళ్లకు, ఇంకా కాలుస్తున్నవారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు సగమవుతుంది. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ ముట్టిస్తారా? అయితే పొగ మీద యావను తగ్గించే నికోటిన్ గమ్ 4 మి.గ్రా.ది వాడాలి, లేకుంటే 2 మి.గ్రా. సరిపోతుంది. గుండెజబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. చాలామంది దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలి, ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చాయని పారేస్తారు. నోట్లో చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. టీ, కాఫీ తాగిన 15 నిమిషాల దాకా వేసుకోవద్దు, నికోటిన్ ఒంటికి పట్టదు. ఉచిత సలహాకు 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు.

మానేసిన తొలి వారాల్లో దగ్గు, కఫం కాస్త పెరగొచ్చు. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగును పొగ చచ్చుబరుస్తుంది. అది తిరిగి పనిచేయడం మొదలుపెడుతుందన్నమాట. దగ్గు తగ్గకపోయినా, కఫంలో రక్తం పడినా, గొంతు బొంగురుపోయినా, బరువు తగ్గినా మాత్రం వెంటనే చూపించాలి.

ఏ లక్షణాలూ లేకున్నా ఆయన వయసుకూ, కాల్చిన ఏళ్లకూ ఏటా ఒకసారి తక్కువ రేడియేషన్ మోతాదుతో తీసే సీటీ స్కాన్ గురించి పల్మనాలజిస్టుతో మాట్లాడటం మంచిది. మన దగ్గర పాత టీబీ మచ్చలు కూడా అందులో గడ్డల్లా కనిపిస్తాయి, కనుక రిపోర్టు చూసి కంగారు పడొద్దు. దీనికి తిరకాసు కూడా ఉంది: క్యాన్సర్‌ను టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడేవారూ ఉన్నారు. కఫంలో టీబీ క్రిమి దొరక్కుండానే మందులు మొదలుపెట్టి, నెల గడిచినా గుణం కనిపించకపోతే సీటీ, బ్రాంకోస్కోపీ (శ్వాసనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) అవసరమేమో డాక్టర్‌ని అడగండి.