మా పాప గ్రీన్ బిల్డింగ్ లైన్ అంటోంది, ఒప్పుకోవాలా?

నరసరావుపేట నుంచి ఒక నాన్నగారు రాశారు. పాపకి సివిల్ థర్డ్ ఇయర్ అయిపోయింది, గ్రీన్ బిల్డింగ్స్ వైపు వెళ్తానంటోంది, హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 60 వేలు కడితే లీడ్ (గ్రీన్ బిల్డింగులకి ఇచ్చే అమెరికా రేటింగ్) సర్టిఫికెట్ వచ్చేలా కోచింగ్ ఇచ్చి ప్లేస్‌మెంట్ కూడా చూస్తామన్నారట. ఇదా, స్ట్రక్చర్స్‌లో ఎంటెక్కా, లేక అందర్లాగే సాఫ్ట్‌వేర్ కోచింగా, మూడూ పోల్చి చెప్పమన్నారు. చివర్లో ఇంకో మాట రాశారు, "ఇదైతే ఎండలో సైట్లు తిరిగే పని ఉండదు కదా, ఆడపిల్లకి బావుంటుందని" అని.

సర్, ఊరు పేరు, కోర్సు పేరు మారతాయి గానీ ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. లోపలున్న భయం మాత్రం ఒకటే, అప్పు చేసి చదివించిన సివిల్ ఎందుకూ కొరగాకుండా పోతుందేమో, తోటి పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో సెటిలైపోతే మన పాప వెనకబడిపోతుందేమో అని. ముందు దానికి చెప్తాను. పోదు. బిల్డింగులు కట్టడం ఆగదు, వాటిలో కరెంటు, నీళ్ళు తక్కువ వాడేలా కట్టాలనే ఒత్తిడి కూడా తగ్గదు. పెద్ద కమర్షియల్ బిల్డింగులకి ఈసీబీసీ అని ఎనర్జీ కోడ్ 2007లోనే వచ్చింది, తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండ వేడి లోపలికి దిగకుండా చేసే పైకప్పు) పాలసీ కూడా తెచ్చింది. పాప ఎంచుకున్నది గాలివాటు దారేం కాదు.

కానీ మీరు డబ్బు కట్టబోతున్నది ఆ దారికి కాదు, ఒక పరీక్షకి. లీడ్‌లో మొదటి మెట్టైన గ్రీన్ అసోసియేట్ పరీక్షకి ఉద్యోగ అనుభవం అడగరు, కుదురుగా కూర్చుని చదివితే సొంతంగా రాయొచ్చు, దాని తర్వాత లీడ్ ఏపీ, అంటే అక్రెడిటెడ్ ప్రొఫెషనల్. అసలు లెక్క ఇక్కడ చూడండి. లీడ్‌లో ఒక బిల్డింగుకి మొత్తం 110 పాయింట్లు, 40 వస్తే సర్టిఫైడ్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. ప్రాజెక్టు టీమ్‌లో లీడ్ ఏపీ ఉన్నందుకు వచ్చేది ఒక్క పాయింటు, దానికి ఒక్క మనిషి చాలు. మిగతా పాయింట్లన్నీ గ్లాసు, చిల్లర్లు (పెద్ద ఏసీ యంత్రాలు), నీళ్ళు, మెటీరియల్, లోపలి గాలి ఇలాంటివాటి మీద పని చేసి తెచ్చుకోవాల్సినవే, ఆ పని వచ్చినవాళ్ళకే జీతం. వట్టి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన ఫ్రెషర్లని కన్సల్టెన్సీలు పేపర్ వర్క్‌లో కూర్చోబెడతాయి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆ పేపర్ వర్క్ కూడా ఏసీ రూములో అయిపోదు. ప్రాజెక్టు రిజిస్టర్ చేశాక ఒక్కో క్రెడిట్‌కి, అంటే పాయింట్లిచ్చే ఒక్కో అంశానికి, రుజువులు పెట్టాలి, రివ్యూ చేసేవాళ్ళు కొర్రీలు వేస్తారు, జవాబివ్వాలి, కట్టడం పూర్తయ్యాకే ఫైనల్ రేటింగ్. కడుతున్నప్పుడు ఏసీ డక్టుల మూతులకి దుమ్ము పోకుండా ప్లాస్టిక్ షీటు కట్టారా లేదా అని ఎప్పటికప్పుడు తేదీతో ఫొటోలు తీయాలి, గ్రానైట్ పాలిషింగ్ అంతా అయిపోయాక కట్టించి ఫొటో తీస్తే ఉపయోగం లేదు. ఫ్లై యాష్ ఇటుకలు ఎక్కడి నుంచి వచ్చాయో చలానా కావాలి, అందులో యాష్ ఎంత శాతమో తయారీవాళ్ళ లెటర్ కావాలి, పెయింట్ డబ్బా మీద వీఓసీ (గాలిలో కలిసే రసాయనాలు) ఎంతో చూడాలి, ఈ కాయితాల కోసం స్టోర్ కీపర్ వెంట, కాంట్రాక్టర్ వెంట పడాలి. ఎండ తప్పదు సర్. సివిల్‌లో చేర్పించిన రోజే ఇది తెలుసు కదా, ఇప్పుడు పాపకి ఎండ తగలకూడదంటే ఎలా? సైట్ ఎరగని ఇంజినీర్ మాట మేస్త్రీ కూడా వినడు. ఇంకో సంగతి, ఇంత పెద్ద ఉత్తరంలో పాపకి ఇది ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు, అసలు మీరు అడిగారా?

ఈ ఫీల్డ్ మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పేస్తాను, ఎందుకంటే సెమినార్లలో ఇవి ఎవరూ చెప్పరు. కొత్త బిల్డింగుకి ఇచ్చే రేటింగ్‌లో ఎనర్జీ పాయింట్లు చాలావరకు కంప్యూటర్ సిమ్యులేషన్ మీద వస్తాయి, కోడ్ ప్రకారం ఊహించిన ఒక మామూలు బిల్డింగుతో పోల్చి ఇంత ఆదా అవుతుంది అని చూపిస్తారు. జనం చేరాక కరెంటు బిల్లు ఎంతొస్తోందో వేరే కథ. మన ఎండల్లో పడమటి వైపు నిలువెల్లా గ్లాసు పెట్టేసి, ఆ వేడిని లాగడానికి ఖరీదైన చిల్లర్లు పెట్టి, మిగతా చోట్ల పాయింట్లు కూడగట్టి గోల్డ్ బోర్డు పెట్టుకోవచ్చు, ఇది నాకు నచ్చదు. కట్టకముందే డిజైన్ చూసి ఇచ్చే ప్రీ-సర్టిఫికేషన్ లోగో బ్రోషర్ మీద వేసి ఫ్లాట్లు అమ్మేసుకుని, ఆ తర్వాత ఫైనల్ సంగతి పట్టించుకోని బిల్డర్లూ ఉంటారు. ఇది చూసి పిల్లలు విరక్తి చెంది మానేస్తారు, ముందే తెలిస్తే అంత దెబ్బ తగలదు.

అలాగని అంతా పైపూత అనుకోవద్దు. హైదరాబాద్ కొత్తగూడ దగ్గరున్న సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లో ప్లాటినం వచ్చింది, అమెరికా బయట అదే మొదటిది. మధ్యలో ముంగిలి, జాలీ (చిల్లుల) గోడలు, విండ్ టవర్లు, మొక్కలతో మురుగునీటి శుద్ధి, ఇవన్నీ అందులో ఉన్నాయి. పాపని ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.

ఇక పోలిక. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, లెక్కలు ఇష్టంగా చేసే పిల్లయితే గేట్ రాసి మంచి చోట స్ట్రక్చర్స్ చెయ్యనివ్వండి, ఇష్టం లేకపోతే వద్దు. సాఫ్ట్‌వేర్‌కి భయంతో పంపకండి, అంతే. గ్రీన్‌లో నిజంగా ఎదగాలంటే ఎనర్జీ మోడలింగ్, అంటే బిల్డింగు ఎంత కరెంటు వాడుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం రావాలి, ఈ పనికి మెకానికల్ వాళ్ళనే ముందు చూస్తారు, కాబట్టి పాప వేడి, గాలి, తేమ, ఏసీ లోడ్ లెక్కలు కొత్తగా నేర్చుకోవాలి, దానికి వాడే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు. పైచదువు కావాలంటే అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో బిల్డింగ్ ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఉంది. విజయవాడ ఎస్పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉన్న సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్ బీఆర్క్ చదివినవాళ్ళది, అది చూసి కంగారు పడకండి. కొన్నేళ్ళు పని చేశాక బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు, నన్నడిగితే దానికే విలువ ఎక్కువ. లీడ్, మన దేశపు రేటింగులైన ఐజీబీసీ, గృహ, వీటిలో ఏది అనేది చేరిన కంపెనీ ప్రాజెక్టుల్ని బట్టి అప్పుడు తేల్చుకోవచ్చు, కొన్ని చోట్ల ఆ ఫీజు కంపెనీయే కడుతుంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మార్కెట్లో కొనొద్దని చెప్పండి. వాళ్ళ హాస్టల్ బిల్డింగే తీసుకుని కుళాయిల్లో నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో, తెల్లపూత వేసిన శ్లాబు కింద, వెయ్యని శ్లాబు కింద మధ్యాహ్నం మూడింటికి వేడి ఎంతుందో కొలిచి రాయమనండి, ఇంటర్వ్యూలో దాని మీదే మాట్లాడొచ్చు.

ఆ 60 వేలు ఇంకా కట్టకపోతే ఆగండి. ప్లేస్‌మెంట్ చూస్తామన్నారు కాబట్టి, పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్ళతో మాట్లాడించమని అడగండి. ఫోన్ మీరు కాదు, పాపే చెయ్యాలి, జీతం కంటే ముందు రోజూ ఏం పని చేస్తున్నారని అడగమనండి.