చిట్టీ, ఆ బాక్సు అచ్చుకిచ్చే ముందు ఇది చదువు

చిట్టీ,

ఉద్యోగం మానేసి వంటింటి కత్తుల బిజినెస్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సగం ఏడుస్తూ సగం మురిసిపోతూ. నా పరిస్థితీ అదే. తెనాలిలో మన గిన్నెల కొట్టు మూసేశాక మనింట్లో మళ్ళీ ఒకళ్ళు వ్యాపారం అంటున్నారని సంతోషం, పోయి పోయి కత్తులేంటే తల్లీ అని గుండెదడ.

జీఎస్టీ, వెబ్‌సైటు, ఫొటోలు, ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. నా గొడవంతా నువ్వు పంపిన బాక్సు డిజైన్‌తోనే. లైఫ్‌టైమ్ వారంటీ అని అంత లావు అక్షరాలా? విడి పిడులున్నాయా నీ దగ్గర, రివిట్లు కొట్టే మనిషున్నాడా, ఫోనెవరెత్తుతారు?

అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లో మావాడి దగ్గరకొచ్చాక తెలిసింది, ఈ చుట్టుపక్కలంతా కత్తుల కంపెనీలే. లెదర్‌మన్ ఈ ఊరిదే, వాళ్ళు టూల్స్‌కి 25 ఏళ్ళు అని లెక్క చెప్పి రాస్తారు. బెంచ్‌మేడ్ వాళ్ళది ఆరెగాన్ సిటీ, మొద్దుబారిన కత్తి పంపిస్తే సాన పట్టి, సరిచేసి వెనక్కి పంపుతారు, దానికి లైఫ్‌షార్ప్ అని విడిగా పేరు కూడా పెట్టారు. ఐడహోలో బక్ వాళ్ళయితే ఎప్పటికీ మాదే పూచీ అంటారు, కత్తితోపాటు ఇంట్లో మనిషికి రాసినట్టు ఒక ఉత్తరం పెడతారు. కానీ చూసుకో, వీళ్ళయినా స్విట్జర్లాండ్‌లో 1884లో మొదలైన విక్టోరినాక్స్ అయినా రాసిచ్చేది తయారీ లోపానికే, వాడకంలో అరిగినదానికి కాదు, డబ్బా మూత లేపబోయి మొన విరగ్గొట్టుకున్నదానికి కాదు. ఇక్కడి కుర్రాళ్ళు స్టీలు గ్రేడు గురించి గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, మళ్ళీ కొనేటప్పుడు మాత్రం పోయినసారి విరిగితే వాళ్ళేం చేశారు అన్నదే అడుగుతారు.

అది మీ తాతయ్యకి తెలియక కాదు, ఆ రోజు కోపంలో ఉన్నాడు. పెళ్ళిళ్ళ వంట మాస్టరు ఒకాయన ఉండేవాడు, మన కొట్లోనే కొనేవాడు, పెళ్ళివాళ్ళు సామాను ఎక్కడ కొనాలంటే మన కొట్టుకే పంపేవాడు. ఒకసారి పెద్ద కత్తి తెచ్చాడు, పిడి ఊడి చేతిలోకొచ్చింది, అరచేతికి గుడ్డ కట్టుంది. తాతయ్య గుడ్డ వంక కూడా చూడలేదు, బిల్లుందా అన్నాడు, కొబ్బరికాయలు కొట్టుంటావులే అన్నాడు, అదీ నలుగురు ఆడవాళ్ళు గిన్నెలు చూసుకుంటుండగా. ఆయనేం మాట్లాడలేదు, కత్తి గల్లా పెట్టె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను ఆ పిడి చెక్కలు విప్పి చూశా. లోపలికి వెళ్ళాల్సిన ఇనుము పిడిలో సగం దాకా కూడా లేదు, వెనక రివిటు ఉత్త చెక్కలో కొట్టి ఉంది. ఆ డజనులో మిగిలినవీ అంతే! కంపెనీ ఏజెంటుకి చూపిస్తే మారు మాట్లాడకుండా మార్చిచ్చాడు, మనకి పైసా ఖర్చు కాలేదు. కొత్త కత్తి పట్టుకుని నేనే మాస్టరు ఇంటికెళ్ళా. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు, కత్తి తీసుకున్నాడు, కొట్టుకి మాత్రం మళ్ళీ రాలేదు. ఆ ఏడు మాఘమాసం పెళ్ళి సామానంతా ఎదురు కొట్టుకి పోయింది. తాతయ్య పైకి ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత ఎవరేం తిరిగి తెచ్చినా ముందు చెయ్యి చూపించమనేవాడు, అంత మంచివాడే పాపం.

అందుకే ప్రతి కత్తి మీదా బ్యాచ్ నంబరు కొట్టించు, ఒకటి ఊడితే దాని తోబుట్టువులు ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో తెలియాలి, వాళ్ళడక్కముందే నువ్వే ఫోన్ చెయ్యాలి. తడిచేతిలో పిడి జారడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు.

ఇంకో భయం, దీనికి నన్ను చూసి నవ్వుకున్నా సరే. పాడైన కత్తిని జనం న్యూస్‌పేపర్లో చుట్టి కవర్లో పడేసి కొరియర్ చేస్తారు, మూట ఎత్తే కుర్రాడి వేళ్ళు ఏమవ్వాలి? బాక్సులోనే గట్టి అట్ట తొడుగు పెట్టు, తిరిగి పంపేటప్పుడు ఇది తొడిగి పంపండి అని దానిమీదే తెలుగులో రాయించు, అది తిరిగి నీ దగ్గరకి తెప్పించుకునే కొరియర్ ఖర్చు నువ్వే పెట్టుకో. ఫొటో పంపితే తేలిపోయే కేసయితే అసలు తెప్పించకు, మార్చి పంపెయ్. తప్పెవరిదో తేలకపోయినా మార్చెయ్. వందలో మూడు తిరిగొస్తాయనుకుని ఆ డబ్బు ముందే రేటులో వేసుకో.

ఆన్‌లైన్ అమ్మకాలకి మన దేశంలో 2020లో పెట్టిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. నువ్వు మాత్రం ఆ రోజే ఫోన్ చెయ్యి, ముందు చెయ్యి ఎలా ఉందండీ అని అడుగు.

వారంటీ అయిదేళ్ళు అని రాయి, చాలు. ఎముకలకీ కొబ్బరిచిప్పలకీ వాడొద్దని, గ్రానైట్ గట్టు మీద తరగొద్దని కూడా పెద్ద అక్షరాలతోనే రాయి. ప్రింటుకిచ్చే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, చీమతలకాయంత అక్షరాలు కనిపిస్తే ఫోన్లోనే తిడతా. శాంపిల్ రెండు మీ అమ్మకివ్వు, మునక్కాయలు తరగమను, ఆవిడకంటే కఠినమైన కస్టమరు నీకు దొరకదు.

మావయ్య